అంత చదివినవాడు అలా చేస్తాడా?

సాహిత్య సభల్లో తరచూ వినే మాట ఒకటుంది: సాహిత్యం మనిషిని మంచివాణ్ణి చేస్తుందని. వేదిక మీదివాళ్ళు చెప్తారు, కింద కూర్చున్న మనం చప్పట్లు కొడతాం. చాలా ఏళ్ళు నేనూ కొట్టాను. జాన్ టిప్‌టాఫ్ట్ గురించి చదివాక చేతులు లేవడం లేదు.

పదిహేనో శతాబ్దపు ఇంగ్లండ్. సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాలు ఒకరి తలలు ఒకరు నరుక్కున్న కాలం. తర్వాతివాళ్ళు దానికి ‘గులాబీల యుద్ధాలు’ అని అందమైన పేరు పెట్టారు. టిప్‌టాఫ్ట్ 1427లో పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, వూస్టర్‌కి ఎర్ల్ అయ్యాడు. 1458లో జెరూసలేం యాత్రకని బయల్దేరి, ఆ తర్వాత ఇటలీలో ఉండిపోయాడు. పాడువాలో చదువుకున్నాడు. ఫ్లారెన్స్‌లో గ్రీకు పండితుడు ఆర్గిరోపులోస్ పాఠాలు విన్నాడు. పుస్తకాలు ఎంతగా కొన్నాడంటే, అక్కడి పుస్తకాల వ్యాపారి వెస్పాసియానో తాను రాసిన ప్రముఖుల జీవితాల్లో ఇతనికీ చోటిచ్చాడు. ఇతని లాటిన్ ప్రసంగం విని పోప్ రెండో పయస్ కంటతడి పెట్టుకున్నాడని చెప్తారు. మన భాషలో ఇలాంటివాణ్ణే సహృదయుడు అంటాం.

ఈ సహృదయుడు 1461లో ఇంటికొచ్చాడు. మరుసటి ఏడాది నాలుగో ఎడ్వర్డ్ ఇతన్ని ఇంగ్లండ్ కానిస్టేబుల్‌ని చేశాడు. అంటే రాజద్రోహం కేసులు జ్యూరీ లేకుండా తేల్చి, శిక్ష వేసే అధికారి. మొదట ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్, అతని పెద్దకొడుకు ఆబ్రీ తలలు పోయాయి. 1468లో ఐర్లండ్‌లో డెస్మండ్ ఎర్ల్ వంతు. 1470లో సౌతాంప్టన్‌లో వార్విక్ ఎర్ల్ మనుషులు ఇరవైమంది దొరికారు. వార్విక్ ఎవరో కాదు, చనిపోయిన తన భార్యకి సోదరుడు. ఆ ఇరవైమందినీ చంపించడంతో ఊరుకోలేదు. తలలేని మొండేలని తలకిందులుగా వేలాడదీయించి, రెండువైపులా చెక్కిన కొయ్యల్ని వాటిలో దిగేయించి, పైకొసలకి వాళ్ళ తలలే గుచ్చించాడు.

"ఆ రోజులే అంత" అంటారు కొందరు. కాదు. తలలు తెగడం రోజూ చూసిన ఆ జనమే దీన్ని చూసి జడుసుకున్నారు, అసహ్యించుకున్నారు. "పాడువా చట్టం తెచ్చాడు, ఇటలీ చదువు చెడగొట్టింది" అని అప్పటివాళ్ళే కొందరు అన్నారు. అదీ తప్పే. కొయ్యలు చెక్కడం ఏ పుస్తకమూ నేర్పలేదు. "అయితే పుస్తకాలు కొన్నాడే గానీ ఒంటబట్టించుకోలేదు" అనేది మూడో సాకు. నాకు ఎక్కువ చిరాకు దీనితోనే.

ఎందుకంటే అతను సిసెరో రాసిన స్నేహం గురించిన సంభాషణని ఇంగ్లీషులోకి అనువదించాడు. అనువాదం చేసినవాళ్ళకి తెలుసు, అంతకంటే దగ్గరగా చదవడం ఉండదు. అందులో బ్లోసియస్ అనే అతని ముచ్చట వస్తుంది. మిత్రుడు గ్రాకస్ అడిగుంటే గుడికి నిప్పైనా పెట్టేవాణ్ణి అంటాడతను. సిసెరో దాన్ని గట్టిగా ఖండిస్తాడు: మిత్రుడి కోసం చేశానన్నది చేసిన తప్పుకి సాకు కాదని. టిప్‌టాఫ్ట్ ఆ వాక్యాలని ఒక్కొక్కటే తూచి తన భాషలో పెట్టాడు. రాజు కోసం తాను ఏం చేశాడో పైన చెప్పాను. అర్థం కాక కాదు. అర్థం కావడం వేరే పని, ఆగడం వేరే పని. మొదటిది పుస్తకం చేసిపెడుతుంది. రెండోది మనమే చెయ్యాలి.

సరే, ఐదువందల యాభై ఏళ్ళనాటి శవాల్ని ఇప్పుడెందుకు తవ్వుతున్నట్టు? తర్వాత జరిగిందాని కోసం. 1481లో కాక్స్‌టన్ ఈ అనువాదాన్ని అచ్చేస్తూ, ప్రభువుల్లో చదువులోనూ శీలంలోనూ ఇంతటివాణ్ణి ఎరగనని రాశాడు. అవును, శీలంలోనూ. రెండు శతాబ్దాల తర్వాత థామస్ ఫుల్లర్, ఆ గొడ్డలి వేటుకి ఎంత పాండిత్యం తెగిపడిందో అని వాపోయాడు. సౌతాంప్టన్ ఇరవైమందిలో పేరుతో గుర్తున్నది దాదాపు ఒక్క క్లాఫమే. ఏడుపంతా పుస్తకాలవాడి కోసం.

ఇది మనకి కొత్తా? ఒక పేరున్న రచయిత మీద ఎవరైనా అమ్మాయి నోరు తెరిస్తే, మనవాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏంటి? "అంత సున్నితంగా రాసేవాడు అలా చేస్తాడా?" ఆ మాట నేనూ ఒకసారి అన్నాను, ఎదురుగా కూర్చున్న మనిషితోనే. ఆమె ఇంకేం చెప్పలేదు, టీ తాగి వెళ్ళిపోయింది. సాహిత్యం మంచివాళ్ళని చేస్తుందనే నమ్మకం అక్కడ చేసిన పని అదీ: చేసినవాడికి శీల ధ్రువపత్రం, చెప్పినామెకి మౌనం.

చదవొద్దని అనడం లేదు. చదువుదాం, ఇష్టంగా చదువుదాం. చదివిందాన్ని మాత్రం ఎవరి మంచితనానికీ సాక్ష్యంగా పిలవొద్దు, మన మంచితనానికి అసలే వద్దు.

1470 అక్టోబర్‌లో రాజ్యం మారింది. టిప్‌టాఫ్ట్‌ని విచారించింది, అతను తల తీయించిన ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ రెండో కొడుకే. చూడ్డానికి జనం విరగబడటంతో శిక్ష మర్నాటికి వాయిదా పడింది. త్రిత్వం పేర మూడు వేట్లు వెయ్యమని తలారిని కోరాడట. చివరిదాకా ప్రతీకల మనిషే. గుంపులో ఉన్నవాళ్ళెవరూ సిసెరోని చదివి ఉండరు. అతను చేసిందేమిటో మాత్రం వాళ్ళకి తెలుసు.