బెంగకు మందు

మనోవ్యాధికి మందు లేదని మనవా రెన్నడో తీర్మానించిరి. ఆ సామెతను మేము మన్నింపజాలము.

న్యాయవాదవృత్తిలో మేము నిత్యము చూచుచున్న దొకటి కలదు. భూమితగాదాతోనో, అప్పుతోనో వచ్చిన కక్షిదారు కాగితములు ముందుంచి మొదట చెప్పునది దావాసంగతి కాదు. నిద్రపట్టదు, గుండెదడ, కడుపులో మంట. వైద్యుడు దోషము లేదని బలపుమాత్ర లిచ్చి పంపును. గంటసేపు వాని మాట వినిన పిమ్మట ఆ ముఖము కొంత తేటపడును. (పుచ్చుకొనిన ఫీజు దావాకే గాని యా గంటకు గాదు.) ఇంతమాత్రమున మేము వైద్యులము గాము, వినుట వేరు, విని వ్యాధిని కుదుర్చుట వేరు. అయినను 'బెంగ' యను తెలుగుమాట మనసును దేహమును గూడ నొక్కచోట పట్టి చెప్పుచున్నది. బెంగపెట్టుకొన్న బిడ్డకు జ్వరము వచ్చునని తల్లు లెరుగుదురు. ఆస్పత్రులు మాత్రము దేహము నొక గదికిని మనసు నింకొక గదికిని పంపుచున్నవి.

జింబాబ్వే దేశమున షోనా భాషవారు ఇట్టి బాధను 'కుఫుంగిసిస' యందురు. అతిగా నాలోచించుట యని యర్థము. ఆ దేశపు మనోవైద్యుడు డిక్సన్ చిబండా చికిత్సలో నున్న యువతి యొకతె బస్సుఛార్జీలకు సొమ్ములేక ఆస్పత్రికి రాలేకపోయి ప్రాణము గోల్పోయెను. పిమ్మట 2006లో హరారే నగరమున 14 మంది అవ్వలతో నతడు పని మొదలిడెను. వైద్యశాల యావరణలో నొక బల్ల; దానిపై అవ్వయు రోగియు. అవ్వలకు పట్టములు లేవు, శిక్షణ మాత్రము కలదు. చెప్పినదంతయు విని, పెక్కు చిక్కులలో నొకదానిని రోగిచేతనే యెన్నించి, దానికి తాను చేయదగిన పనిని రోగినోటనే పలికించి, మరల రమ్మందురు. నీతులు చెప్పరు. 2016లో ప్రకటితమైన పరిశోధనలో 24 వైద్యశాలల యందు 573 మందిని పరీక్షించిరి. ఆరుమాసములకు, మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 50 మందికి కుంగుబాటు లక్షణము లుండగా, బల్లపై గూర్చున్నవారిలో 14 మందికి మాత్రమే యుండెను. మన గోవాలో సంగత్ సంస్థయు పట్టములేని సలహాదారులచే నిట్టి ఫలితమునే చూపినది.

ఇది వైద్యమునకు ప్రత్యామ్నాయ మని భ్రమింపరాదు. థైరాయిడ్ లోపము గూడ కుంగుబాటువలె గానవచ్చును, రక్తపరీక్ష మానరాదు. తీవ్రవ్యాధులకు మనోవైద్యుడును మందులును గావలెను. మాట, మందు, నిద్ర, తిండి, చేతికి పని, ఇవి కలిసియే మనిషిని లేపును.

మరి మన సంగతి? మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులో నున్నది. శరీరవ్యాధులతో సమముగా మనోవ్యాధులకును భీమా కల్పింపవలెనని 21(4) సెక్షను విధించుచున్నది. పెక్కు పాలసీలు పడకపై చేరినవానికే సొమ్మిచ్చును. మాటచికిత్సకు పడక యేల? కుర్చీ చాలును! ఇట్లు చట్ట మొకచేత నిచ్చినదానిని పాలసీ రెండవచేత లాగికొనుచున్నది.

ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును శిక్షణపొందిన స్త్రీ నొకతెను, ఆ యూరి యాస నెరిగినదానిని, నియమింపవలెను. జీత మీయవలెను. సేవ యని పేరుపెట్టి యాడువారిచే నూరక పనిచేయించుకొనుట మనకు బాగుగ నలవాటు.

అంతవరకు 2022లో నెలకొల్పబడిన టెలి-మానస్ కలదు. 14416 సంఖ్యకు ఫోనుచేసి తెలుగులో మాటలాడవచ్చును, ఖర్చు లేదు. ఈ పత్రికను చదువుచున్న పఠనమందిరపు గోడపై ఆ సంఖ్యను రేపే పెద్దయక్షరములతో వ్రాయింపుడు.