కర్మను ఎవరి మీద మోపుతున్నాం?



పంట పోయినా, బిడ్డ జబ్బుపడినా, కూతురి కాపురం చెదిరినా మన ఇళ్లలో ముందు వినిపించే మాట "ఏం చేస్తాం, ఖర్మ!" బాధపడేవాళ్లు తమకు తాము చెప్పుకుంటే దాంతో కాస్త ఊరట దొరుకుతుంది. అదే మాట పక్కవాళ్లు అంటే గాయమవుతుంది. ఈ తేడా చాలాకాలంగా మమ్మల్ని కలవరపెడుతోంది. అందుకే ఈ సంచికను కర్మకు కేటాయించాం.

కర్మ మంచిదా, చెడ్డదా అంటే మన సంప్రదాయాలు ఒకే జవాబు ఇవ్వలేదు. జైనులకు అది జీవుణ్ని అంటుకునే సూక్ష్మ పదార్థం, పుణ్యమైనా బంధమే. చేసిన పని వెనకున్న సంకల్పాన్ని చూడమన్నాడు బుద్ధుడు. వేదాంతులు సంచితం (పోగుపడినది), ప్రారబ్ధం (ఇప్పుడు అనుభవిస్తున్నది), ఆగామి (ఇప్పటి పనులతో ఇకపై చేరేది) అని మూడుగా విడదీశారు. మనం ప్రారబ్ధం దగ్గరే ఆగిపోతాం గానీ, ఆగామి మన చేతిలోనే ఉంది కదా! మాండలే జైల్లో తిలక్ రాయగా 1915లో వెలువడిన 'గీతారహస్యం' పట్టుకున్నది ఈ కొసనే. అంబేడ్కర్ మాత్రం పూర్వజన్మ కర్మ సిద్ధాంతం పేదవాడి దుస్థితికి అతణ్నే బాధ్యుణ్ని చేస్తుందని నిలదీశారు. ఆ ప్రశ్నను దాటవేసి కర్మ గురించి మాట్లాడటం అన్యాయమని మా నమ్మకం.

ఈ సంచికలోని రచయితలు ఒకరితో ఒకరు ఏకీభవించరు. అయినా ఎదుటివాడి కష్టానికి కర్మను కారణంగా ఎవరూ చూపలేదు. తాము చేసే పనికి తామే జవాబుదారీ కావడం గురించి రాశారు. చదివి మీ అభిప్రాయాలు, ముఖ్యంగా మీ అభ్యంతరాలు, మాకు రాయండి.