కన్నుండియు మాట పోయిన యంత్రము

నికాన్ సంస్థ 2001లో విడుదల చేసిన కూల్‌స్కాన్ 4000 అను ఫిల్మ్ స్కానరు నేటికిని పలువురి యిండ్లలో నున్నది. దాని కన్ను మందగింపలేదు. అంగుళమునకు 4000 బిందువుల చొప్పున చదివి, 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల యెత్తుగల నెగెటివు నుండి రెండుకోట్లకు పైగా బిందువులను వెలికితీయును. అట్టి యంత్రమును క్రొత్త కంప్యూటరు గుర్తింపనే గుర్తింపదు!

అది ఫైర్‌వైర్ తీగ ద్వారా మాటలాడును. నేటి కంప్యూటర్లలో ఆ తీగకు చోటు అరుదు. ఆపిల్ 2025లో వెలువరించిన మాక్ వ్యవస్థ దానిని బొత్తిగా విడనాడినది. నికాన్ వారి సాఫ్ట్‌వేరు 64 బిట్ల విండోసునకై సవరింపబడలేదు. పెద్ద కంప్యూటరులో ఫైర్‌వైర్ కార్డు నమర్చి, వ్యూస్కాన్ అను వేరొకరి సాఫ్ట్‌వేరు నాశ్రయించుట యొక దారి. స్కానరుతోపాటు దాని యీడు కంప్యూటరును గూడ దాచుకొనుట అంతకంటె సులువు. పాతసామానని దానిని తూకమునకు వేయువారు తొందరపడుచున్నారు.

ఎసిటేటు ఫిల్ము మాత్రము ఆగదు. వేడికిని, తేమకును అది చివికి పుల్లని వాసన వేయును, ముడుచుకొనును. కావున తయారీ మానిన సంస్థలు తమ స్కానర్ల సంభాషణా సూత్రములనైనను బహిరంగపరుపవలెను. అవి లభించినచో, కావలసిన సాఫ్ట్‌వేరును ఏ కళాశాల విద్యార్థియైనను వ్రాయ యత్నింపవచ్చును.