పొగపొయ్యికి గాలి ఆడాలి

ప్రశ్న: పాత డ్రమ్ముతో మాంసానికి పొగపెట్టే పొయ్యి చేసుకున్నాం. వానొస్తే వంటింట్లో పెడతాం. ఆ రోజు ఇంటిల్లిపాదికీ తలనొప్పి, వికారం. గొట్టం మూస్తే పొగ బాగా పడుతుందని మావారంటారు. నిజమేనా?

జవాబు: కాదమ్మా. ఆ తలనొప్పి కార్బన్ మోనాక్సైడ్ వల్ల కావచ్చు. దానికి రంగు, వాసన ఉండవు, ప్రాణమే తీస్తుంది. మళ్ళీ అలా అనిపిస్తే వెంటనే అందరూ బయటికొచ్చి, ఆసుపత్రికి వెళ్ళండి.

పొయ్యి ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి. గాలి అడుగు కన్నాల్లోంచి వచ్చి, పైగొట్టం గుండా పోవాలి. గొట్టం తెరిచే ఉంచి, మంటను కింది కన్నాలతో అదుపు చేయండి. పొగ నిలిస్తే తారు పట్టి మాంసం చేదెక్కుతుంది. ఎండుకట్టెలే వాడండి, రంగు వేసిన చెక్క వద్దు. కొవ్వు నిప్పుల మీద కారకుండా పళ్ళెం అమర్చండి. పొగపెట్టిన మాంసం రోజూ తింటే పెద్దపేగు కేన్సర్ ముప్పు పెరుగుతుంది. ఎప్పుడో ఒకసారి చాలు.