పుట్నాల కుకీ లెక్క

బెంగళూరు చిక్కపేటకు పట్టుచీర కోసం వెళ్లినవాళ్లు కూడా చేతిలో ఖారా బిస్కెట్ల పొట్లంతో తిరిగొస్తారు. హాసన్ వైపు నుంచి వచ్చిన తిరుమలాచార్ 1898లో ఈ పేటలో పెట్టిన బెంగళూరు బ్రదర్స్ బేకరీతోనే అయ్యంగార్ బేకరీల వంశం మొదలైందంటారు. గుడ్డు గడప తొక్కని బేకరీలవి. మైదా, వెన్న, చక్కెర; కారమైతే పచ్చిమిరపకాయ, కొత్తిమీర. రుచికి వంక పెట్టను, అంత ధైర్యం లేదు.

ఇప్పుడు ఊరంతా ప్రొటీన్ కుకీ మాటే. జిమ్ముకు వెళ్లే మా అబ్బాయి తెచ్చిన పొట్లం మీద కండలు తిరిగిన చెయ్యి బొమ్మ. వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల చిట్టాలో ముందు వరుసలోనే చక్కెర! ఈ మాత్రానికి అంత డబ్బెందుకని తరగుపేట వైపు నడిచి పుట్నాలు, శెనక్కాయ విత్తనాలు, నువ్వులు కట్టించుకొచ్చాను.

100 గ్రాముల పుట్నాల పిండి, 50 గ్రాముల గోధుమపిండి, వేయించి పొడిచేసిన శెనక్కాయలు 75, నువ్వులు 20, బెల్లం 60, నెయ్యి 50. ముద్ద కట్టడానికి కాసిని పాలు. 20 కుకీలవుతాయి. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి పచ్చివాసన రాదు. శనగపిండైతే దోరగా వేయించక తప్పదు. పప్పుల పిండికి సాగే గుణం లేదు, అందుకే గోధుమపిండి. మొదటిసారి అది మానేశాను. ట్రేలోంచి ఇసుకే వచ్చింది, చెంచాలతో తిన్నాం. 160 డిగ్రీల్లో పావుగంట చాలు. బెల్లం తొందరగా మాడుతుంది. పైగా మరీ ఎర్రగా కాలిస్తే లైసిన్ అనే అమైనో ఆమ్లం కొంత పోతుంది. గోధుమలో కొరతపడే ఆ లైసిన్ కోసమే కదా పప్పును పిలిచింది!

పుట్నాలకు శెనక్కాయలు కలిపిన ఈ జోడీ నా తెలివేం కాదు. 1950లో మైసూరులో మొదలైన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఆ దశకంలోనే నూనె తీసిన వేరుశనగ పిండికి శనగపిండి కలిపి ‘మల్టీపర్పస్ ఫుడ్’ తయారు చేసింది. పేదవాడి తిండికి బలం చేర్చడానికి పుట్టిన జత అది. ఇవాళ రంగుల పొట్లంలో కూర్చుని జిమ్ముల చుట్టూ తిరుగుతోంది.

సరే, లెక్కకొద్దాం. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. నా ట్రే మొత్తంలో ఉన్నది సుమారుగా అంతే. అంటే రోజు కోటా కుకీలతోనే తీరాలంటే ఇరవయ్యీ మింగాలి, 1,700 కేలరీలతో సహా! ఒక గుడ్డులో 6 గ్రాముల పైచిలుకు ప్రొటీన్, 75 కేలరీలు. అంత ప్రొటీన్‌కు కుకీలు రెండున్నర తినాలి, కేలరీలు 200 దాటుతాయి. మైదా బిస్కెట్ కన్నా మేలే, కాదనను. నాలుగు గంటల టీలోకి రెండు చక్కగా సరిపోతాయి. భోజనానికి బదులంటే మాత్రం ఒప్పుకోను.

మావాడు ఈ లెక్కంతా విని, “అయితే ఇంకోటి ఇవ్వు” అన్నాడు. ఇచ్చాను. రాత్రికి పప్పు కాస్త గట్టిగానే వండాను.

— పేటవాసి