వాషింగ్టన్ జోస్యం సరే, తిరువూరు టిక్కెట్టు ఎవరికి?

అమెరికా అధ్యక్ష ఎన్నిక 2028 నవంబరు 7న. తిరువూరు బస్టాండు దగ్గర టీ కొట్లలో మాత్రం పందేలు ఇప్పటికే కాస్తున్నారు. ట్రంపు తర్వాత ఎవరు? ‘‘ఇంకెవరు, వాన్సే! మన అల్లుడే గదా!’’ అనేవాళ్లు కొందరు. ‘‘ఈసారి డెమోక్రాట్లదే’’ అని బల్ల గుద్దేవాళ్లు కొందరు. ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు ఆ దేశంలో చదువుతున్నారు, కొలువు చేస్తున్నారు. కనుక ఆ ఆరాటాన్ని తప్పుపట్టలేం.

అయితే ఆ పెద్దమనుషుల్నే ఇంకో ప్రశ్న అడిగి చూడండి. 2029లో మన తిరువూరు అసెంబ్లీ స్థానంలో పార్టీల అభ్యర్థులెవరు? నోళ్లు మూతపడతాయి. ‘‘జాబితా రానీండి చూద్దాం’’ అంటారు. సప్తసముద్రాల అవతల అభ్యర్థిని ఊహించగలిగిన మనిషి, తాను ఓటేయబోయే అభ్యర్థిని ఎందుకు ఊహించలేకపోతున్నాడు? లోపం మనిషి తెలివిలో లేదు, పద్ధతిలో ఉంది.

ముందు అమెరికా లెక్క చూద్దాం. అక్కడ దేశమంతటా ఎక్కువ ఓట్లు వచ్చినవాడే అధ్యక్షుడు కావాలని లేదు. మొత్తం 538 ఎలక్టోరల్ ఓట్లు. 270 వస్తే గద్దె. కాలిఫోర్నియాకు 54 ఓట్లుంటే ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కు 3. చాలా రాష్ట్రాల ఫలితం ముందే తేలిపోయి ఉంటుంది. పోరంతా పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడాల్లోనే. 2024లో ఈ ఏడింటినీ గెలిచి ట్రంపు 312 ఓట్లు తెచ్చుకున్నారు. కమలా హారిస్‌కు 226. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడారు. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా అల్ గోర్‌ను ఇంటికి పంపింది. 2024లో తణుకు దగ్గరి వడ్లూరులో ఉషా చిలుకూరి భర్త గెలవాలని పూజలు జరిగాయి. తమిళనాడులోని తులసేంద్రపురంలో కమల కోసం పూజలు జరిగాయి. దేవుడు ఎవరి మొర ఆలకించాడో గానీ, తీర్పు చెప్పింది మాత్రం పెన్సిల్వేనియా ఓటరు. అక్కడి వంటింటి సరుకుల ధరే ఆ తీర్పులో పెద్ద పాత్ర వహించింది.

జోస్యం చెప్పినవాళ్ల గతి కూడా గుర్తుంచుకోవాలి. 1936లో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక లక్షల మందిని అడిగి, రూజ్‌వెల్టు ఓడతాడని తేల్చింది. ప్రత్యర్థి లాండన్‌కు దక్కినవి రెండే రాష్ట్రాలు, 8 ఓట్లు. 1948లో ఒక షికాగో దినపత్రిక ట్రూమన్ ఓడినట్లు పతాక శీర్షిక అచ్చువేసింది. గెలిచిన ట్రూమన్ ఆ పత్రికనే చేత్తో ఎత్తి చూపించి నవ్వాడు. ఎన్నో ఎన్నికలను సరిగ్గా చెప్పిన ప్రొఫెసర్ అలన్ లిచ్‌మన్ 2024లో కమల గెలుస్తారని చెప్పి దెబ్బతిన్నారు. మన దగ్గరా అంతే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎగ్జిట్ పోల్స్ ఎన్డీయేకు 350కి పైగా సీట్లు పంచిపెట్టాయి. పెట్టెలు తెరిస్తే బీజేపీకి సొంతంగా 240 మాత్రమే.

ఇన్ని హెచ్చరికలున్నా మా అంచనా మేం చెబుతాం. 1951లో అమలులోకి వచ్చిన 22వ రాజ్యాంగ సవరణ ప్రకారం రెండుసార్లు ఎన్నికైన ట్రంపు మళ్లీ ఎన్నిక కాలేరు. రిపబ్లికన్ల వరుసలో ముందున్నది ఉపాధ్యక్షుడు వాన్స్. టిక్కెట్టు ఆయనకే రావచ్చు. గెలుపు మాత్రం వేరే సంగతి. ఉపాధ్యక్ష పదవిలో ఉంటూ అధ్యక్షుడిగా గెలిచినవాడు 1836 తర్వాత ఒక్కడే, 1988లో పెద్ద బుష్. 1960లో నిక్సన్, 1968లో హంఫ్రీ, 2000లో గోర్, 2024లో హారిస్ అందరూ ఓడారు. పై అధికారి మీద జనానికున్న కోపం కిందివాడి ఖాతాలో పడుతుంది. పైగా 2016, 2020, 2024 మూడుసార్లూ అధికార పార్టీయే శ్వేతసౌధం వదిలింది. ధరల సెగ తగ్గకపోతే 2028లోనూ మొగ్గు డెమోక్రాట్ల వైపే. వారి అభ్యర్థి ఎవరు? కాలిఫోర్నియా గవర్నరుగా పేరు తెచ్చుకున్న న్యూసమ్ మాట ఎక్కువగా వినిపిస్తోంది. అయినా ఆ పార్టీలో మొదట వినిపించిన పేరే చివరిదాకా నిలుస్తుందన్న భరోసా లేదు.

ఎందుకు లేదు? అసలు విషయం ఇక్కడే ఉంది. 2007లో అందరి నోటా హిల్లరీ పేరే. 2008 జనవరి 3న అయోవా అనే చిన్న రాష్ట్రంలో పార్టీ మద్దతుదారులు బడుల్లో, సామూహిక మందిరాల్లో గుమిగూడి ఒబామాను గెలిపించారు. చరిత్ర తిరిగింది. 2016లో రిపబ్లికన్ పెద్దలు వద్దన్న ట్రంపును పదిహేడు మంది పోటీదారుల్లోంచి ఆ పార్టీ ఓటర్లే ఏరుకున్నారు. మంచో చెడో, ఏరుకున్నది ఓటర్లు. ఆ పద్ధతిని దాటేసిన సందర్భం 2024. జులై 21న బైడెన్ తప్పుకున్నాక ప్రాథమిక ఎన్నికలు లేకుండానే కమల అభ్యర్థి అయ్యారు. 107 రోజుల ప్రచారం, ఆ వెంటనే ఓటమి. ఓటమికి అదొక్కటే కారణం కాదు. కానీ ‘మమ్మల్ని అడిగిందెవరు?’ అన్న ప్రశ్న ఆమెను వెంటాడింది.

అమెరికా స్వర్గమని మేం చెప్పడం లేదు. 2024లో ఎలాన్ మస్క్ ఒక్కడే 25 కోట్ల డాలర్లకు పైగా గుమ్మరించాడు. డబ్బు అక్కడా రాజ్యమేలుతోంది. అల్లుడని మురిసిపోవడమూ వృథా. ఆ అల్లుడు ఉపాధ్యక్షుడిగా ఉన్న ప్రభుత్వమే 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్ కార్డులివ్వరాదన్న 1990 నాటి కట్టుబాటును ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఎత్తివేయలేదు. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు పేరు చివరి ఇంటిపేరును గాక, అభ్యర్థి వలస విధానాన్ని చదవాలి.

ఇక మన గడప దగ్గరికి వద్దాం. 1978-83 మధ్య ఈ రాష్ట్రానికి ఢిల్లీ నలుగురు ముఖ్యమంత్రుల్ని సీల్డు కవర్లో పంపింది. ఆ అవమానం మీద రగిలిన ఆత్మగౌరవ నినాదంతోనే ఎన్టీఆర్ 1983లో అధికారంలోకి వచ్చారు. కవరు మాత్రం చావలేదు, చిరునామా మార్చుకుంది. జాతీయ పార్టీల కవరు ఢిల్లీలో తయారవుతుంది, ప్రాంతీయ పార్టీల కవరు అధినేత ఇంట్లో. 2024లో తిరువూరులో ఏం జరిగింది? అప్పటి అధికార పార్టీ సిట్టింగు ఎమ్మెల్యే రక్షణనిధిని పక్కనబెట్టి, గతంలో తెలుగుదేశం ఎమ్మెల్యేగా చేసిన స్వామిదాస్‌ను నిలిపింది. తెలుగుదేశం కొలికపూడి శ్రీనివాసరావును నిలిపి గెలిచింది. ఎవరు మంచివారన్నది కాదు ఇక్కడి ప్రశ్న. ఆ రెండు నిర్ణయాల్లో ఏదైనా విస్సన్నపేట, గంపలగూడెం కార్యకర్తల ఓటుతో జరిగిందా? జెండాలు మోసినవాడికి అభ్యర్థి పేరు టీవీ స్క్రోలింగులో తెలిసింది.

దీనివల్ల నష్టం ఎవరికి? ఎ.కొండూరు తండాల్లో ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు మనుషుల్ని తినేసింది. టిక్కెట్టు కావాలంటే ముందు ఆ తండాల్లో కూర్చుని నీళ్ల సంగతి చెప్పి, అక్కడి పార్టీ సభ్యుల ఓటు సంపాదించాలి అన్న నియమం ఉంటే, ఆశావహులందరి కార్లూ అటే తిరిగేవి. ఇప్పుడవి అధినేతల గేట్ల ముందు ఆగుతున్నాయి. టిక్కెట్టు ఇచ్చినవాడికే ఎమ్మెల్యే జవాబుదారీ, ఓటు వేసినవాడికి కాదు. రిజర్వుడు నియోజకవర్గాల్లో ఈ జబ్బు మరీ ముదిరింది. దళితుడు సీట్లో కూర్చుంటాడు, పగ్గం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఇది కుదరని పని అనేవాళ్లకు ఒక మాట. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ కొన్ని స్థానాల్లో పార్టీ శ్రేణుల ఓటుతో అభ్యర్థుల్ని ఎంపిక చేసి చూసింది. పైవాళ్లకు ఇష్టం లేక అది మూలనపడింది గానీ, చట్టం అడ్డొచ్చి కాదు. లక్షల సభ్యత్వాలు చేయించామని ప్రతి పార్టీ చాటింపు వేసుకుంటుంది గదా! ఆ సభ్యత్వ కార్డుకు ఒక ఓటు ఇవ్వండి. బి-ఫారం మీద పేరు రాసే ముందు మండలాల్లో బ్యాలెట్ పెట్టెలు పెట్టండి.

అమెరికాలో ఎవరు గెలుస్తారో మా అంచనా మేం చెప్పాం. తప్పయితే నవ్వండి. తిరువూరులో ఎవరు నిలబడాలో చెప్పే హక్కు మాత్రం ఏ జోస్యుడిదీ కాదు, ఏ అధినేతదీ కాదు. అది మనది. 2029 జాబితాలు రాకముందే, ఓటడగడానికి వచ్చిన ప్రతి జెండా ముందు నిలబడి అడుగుదాం: మీ అభ్యర్థిని ఎంచింది ఎవరు?