పరదేశమున మాట సాయము

విశాఖపట్టణ మండలమునుండి పూర్వము బ్రతుకుతెరువు కొరకు ఓడలెక్కి రంగూనునకు పోయినవారు వేలకొలది. రేవులలోను, బియ్యపు మిల్లులలోను కూలిచేయుచు వారు అచ్చటి మాటలను చెవితోడనే పట్టుకొనిరి. పుస్తకము ముట్టి నేర్చినవారు అరుదు. నేడు అనకాపల్లి ప్రాంతపు ఆడుబిడ్డలు విమానమెక్కి అమెరికాకును, ఆస్ట్రేలియాకును పోవుచున్నారు. భర్త వెంట పోవు క్రొత్తపెండ్లికూతుండ్రు కొందరు, కూతురి పురుటికి పోవు తల్లులు కొందరు. వీరిలో బి.ఏ. ప్యాసైనవారు సైతము అచ్చటి అంగడిలో నోరు మెదపలేక ప్రక్కవారి మొగము చూచుట కలదు. పరీక్షకు చదివిన యింగ్లీషు పరీక్షతోడనే తీరిపోయినది గాబోలు!

ఈ కష్టము మనవారికే కలిగినది గాదు. చికాగో నగరమున 1889వ సంవత్సరమున జేన్ ఆడమ్స్ మొదలగు స్త్రీలు నెలకొల్పిన హల్ హౌస్ అను సంస్థలో, ఐరోపానుండి వచ్చిన పేదకుటుంబములకు ఇంగ్లీషు తరగతులు నడిపిరి. కాలిఫోర్నియాలో 1915లో ఒక చట్టము చేయబడినది. దానిననుసరించి ఉపాధ్యాయిని తానే వలసవచ్చిన తల్లుల యిండ్లకు పోయి, వారి వంటయింటి పనులతో జతపరచి ఇంగ్లీషు నేర్పెడిది. బడికి రాలేని తల్లికడకు బడియే పోవుట మాకు మిక్కిలి నచ్చిన యేర్పాటు. ఆ పద్ధతినే మనయింట మనమేల అవలంబింపరాదు? ప్రయాణమునకు ఆరునెలలు ముందుగా, నిత్యము చేయు పనులనుండియే మాటలు ఏరుకొనవలెను.

మొదట పేరు. మనము ఇంటిపేరును ముందుంచి, దానిని ఒక్క అక్షరమునకు కుదించి, అంతటితో మరచిపోవుదుము. అక్కడి ఆసుపత్రిలో నర్సు తలుపు తెరచి ఇంటిపేరు పెట్టియే పిలువవచ్చును. కాండ్రేగుల వారి కోడలు, ఆ తెల్లదొరసాని నోట వంకరలు తిరిగిన “కాండ్రేగుల” తన పేరేయని తెలియక కూర్చుండిపోయినచో, ఆమె వంతు దాటిపోవును. కావున “సర్‌నేమ్” అనిన నేది, “గివెన్ నేమ్” అనిన నేది, పాస్‌పోర్టు చేతబట్టుకొని చూచి, ఇంటిలోని పిల్లలచేత పదిమారులు పిలిపించుకొనవలెను. ఆటగా నుండును, పనియు జరుగును.

తరువాత చిరునామా. అనకాపల్లిలో ఇల్లెక్కడని యడిగినచో గుడి వెనుకననియో, కొట్టు ఎదుటననియో చెప్పుదుము. 108 బండినైనను అట్లే త్రోవచెప్పి రప్పించుకొందుము. అక్కడ ఆనవాళ్లు చెల్లవు. ముందు ఇంటి నంబరు, పిదప వీధి పేరు, ఆ తరువాత ఊరు చెప్పవలెను. ఆపద వచ్చినప్పుడు అమెరికాలోను కెనడాలోను 911, ఆస్ట్రేలియాలో 000, ఇంగ్లాండులో 999. పోయి దిగిన దినముననే నంబరును, చిరునామాను తెలుగు లిపిలో వ్రాసి గోడకు అంటించుకొనవలెను. భర్త ఆఫీసునుండి వచ్చువరకు పసిబిడ్డతో ఒంటరిగా నుండు తల్లికి, ఈ కాగితము నగలపెట్టెకంటె విలువైనది.

జ్వరము సంగతియు నట్లే. మనయిండ్లలో 101 అందుము. అమెరికాలో ఆ లెక్క చెల్లును. ఆస్ట్రేలియాలో సెంటిగ్రేడు కొలత, అదే జ్వరము అక్కడ 38.3. తెలియక 101 అనినచో నీరు మరుగు వేడిమిని మించును! విరేచనములను మనవారు “మోషన్స్” అందురు. ఆ మాట అక్కడి సామాన్యులకు ఆ యర్థమున తెలియదు, “డయేరియా” యనవలెను. తేదీ విషయమున మరింత జాగ్రత్త వలయును. 4/7 అని చీటీపై నున్నచో మనకు జూలై 4, అమెరికావారికి ఏప్రిల్ 7. బెల్లపు దిమ్మను కిలోల లెక్కన కొను చేయి అమెరికాలో పౌను లెక్కకు అలవాటుపడవలెను. పౌను సుమారు 454 గ్రాములు.

ఇక చెవికి పాఠశాల మన రైలుస్టేషనే. ఒకే ప్రకటన తెలుగున, హిందీలో, ఇంగ్లీషున వెంటవెంటనే వినిపించు గురువు జీతము పుచ్చుకొనక యక్కడ నున్నాడు. రైలు ఆలస్యమైనప్పుడు విసుగుకొనుటకు మారుగా, తెలుగున విన్నదానిని ఇంగ్లీషున పోల్చుకొనుచు కూర్చుండినచో “అరైవ్”, “డిపార్ట్”, “లేట్ బై” అను మాటలు తమంతట తామే పట్టుబడును. బ్యాంకు చీటీలు, మందుపెట్టెలపై నుండు మాటలు అట్టివే.

ఈ చదువునకు అడ్డు తగులునది వయస్సు గాదు, ఇంటివారి నవ్వు. అత్తగారు తప్పు పలికినప్పుడు కోడలును, కోడలు తడబడినప్పుడు భర్తయు నవ్వినచో ఆ నోరు మరల తెరచుకొనదు. “నీకెందుకు, నేను చెప్పెదను గదా” యను భర్త మంచివాడే కావచ్చును. కాని ప్రతిమాటయు అతని నోటనే పలుకవలసి వచ్చిన స్త్రీ, అతనివలననే కీడు కలిగిననాడు ఎవరితో చెప్పుకొనును? తన దేహబాధను డాక్టరునకు చెప్పుటకైనను, భర్త ఎదుట సంకోచింపని వారెందరు?

ఇందుకొక వాక్యము కంఠస్థము చేయవలెను: “ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్.” నాకు తెలుగు దుబాసి కావలెనని యర్థము. ఆస్ట్రేలియాలో దుబాసీల కొరకు 131 450 అను టెలిఫోను నంబరు రేయింబవళ్లు పనిచేయును. ఆ దేశప్రభుత్వము 1948నుండి వలసవచ్చినవారికి ఇంగ్లీషు తరగతులు నడుపుచున్నది. 510 గంటలను పరిమితి యుండెడిది, 2021లో దానిని తొలగించిరి. శాశ్వత నివాసానుమతి గలవారికిని, మరికొన్ని వీసాల వారికిని ఇవి ఉచితము. తల్లి తరగతిలో నుండగా బడియీడు రాని బిడ్డలను కనిపెట్టుకొను ఏర్పాటు కూడ గలదు. కెనడాలో ఇట్టి తరగతులు 1992లో మొదలైనవి. అమెరికాలో పెక్కు ఊళ్ల గ్రంథాలయములలో సంభాషణ తరగతులు నడచును. అక్కడ దిగిన తరువాత పుస్తకములకొరకు గాకున్నను, ఇందుకొరకైన గ్రంథాలయపు గడప తొక్కవలెను.

బ్యాంకు కాగితములు, ఇంటి అద్దె పత్రములు, వీనిలో తరచుగా వచ్చు మాటలను గూర్చి రాబోవు సంచికలో వ్రాసెదము.